అమ్మే పెట్టెలో ఎవరి హక్కు ఎంత: చిన్న హార్డ్‌వేర్ తయారీదారులకు మేధో సంపత్తి, ఓపెన్ సోర్స్ లైసెన్సుల మార్గదర్శి

ఒడిశాలోని గుణుపురంలో ఉన్న నా వర్క్‌షాపుకు వచ్చే కుర్రాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. "అన్నా, కోడు నెట్‌లో దొరికింది, సర్క్యూటు కూడా దొరికింది. కలిపి ఒక పెట్టె చేశాను. అమ్ముకోవచ్చా?" రాయగడ నుంచి, పర్లాకిమిడి నుంచి, బరంపురం నుంచి ఇదే అడుగుతారు. మహారాష్ట్రలోని సిరోంచ, బల్లార్షా వైపు నుంచి ఫోను చేసేవాళ్లూ ఇదే అడుగుతారు. ప్రతిసారీ నేను ఎదురు అడిగేది: "పెట్టెలో ఏ ముక్క గురించి అడుగుతున్నావు?"

చట్టం దృష్టిలో మీ పెట్టె ఒక వస్తువు కాదు. అది ఐదారుగురి సొత్తు ఒక మూత కింద చేరిన ఉమ్మడి కాపురం. ఎవరి వాటా ఏమిటో తేల్చకుండా బజారులో పెడితే తగువు తప్పదు.

నేను తయారు చేసేది నది ఒడ్డు మోటార్లకు ఫోనుతో నడిచే స్టార్టరు. వంశధార పక్కన పొలాలున్న రైతు ఇంటి నుంచి ఫోను చేస్తే మోటారు తిరుగుతుంది, కరెంటు పోతే పెట్టే తిరిగి ఫోను చేసి చెబుతుంది. దాన్నే ఉదాహరణగా తీసుకుని వరుసగా చెబుతాను. వరుస ముఖ్యం, ఎందుకంటే ఇందులో కొన్ని పనులు వెనక్కి తీసుకోలేనివి.

1. పెట్టె విప్పి పొరల పట్టిక రాయండి

స్క్రూలు తీసి, పెట్టెను బల్ల మీద పరచండి. కనబడే ప్రతి ముక్కకూ, కనబడని ప్రతి ఫైలుకూ ఒక వరుస రాయండి. నాలుగు గడులు చాలు: ఇది ఏమిటి, ఎవరు చేశారు, ఏ షరతు మీద నా చేతికి వచ్చింది, ఆ కాగితం ఎక్కడుంది.

నా స్టార్టరు పట్టికలో ఇవి ఉన్నాయి:

- సర్క్యూటు బొమ్మ, పీసీబీ (సర్క్యూటు బోర్డు) లేఅవుట్, గెర్బర్ ఫైళ్లు (బోర్డు అచ్చుకు పంపేవి)
- ఫర్మ్‌వేర్‌లో (చిప్పును నడిపే సాఫ్ట్‌వేర్‌లో) మేము రాసిన కోడు
- ఫర్మ్‌వేర్‌లోకి తెచ్చుకున్న లైబ్రరీలు (వేరేవాళ్లు రాసిపెట్టిన కోడు), చిప్పు కంపెనీ ఇచ్చిన నమూనా కోడు
- మోడెం (సిమ్‌తో ఫోను కలిపే ముక్క) లోపలి సాఫ్ట్‌వేర్ (అది తయారీదారుడిదే, మనం తాకం)
- డబ్బా ఆకారం, దాని త్రీడీ ఫైలు
- పేరు, లోగో, స్టిక్కరు
- వాడకం కరపత్రం, అందులోని బొమ్మలు, ఫాంట్లు
- ఫోనులో వినబడే గొంతు

చివరి రెండింటినీ దాదాపు అందరూ మరచిపోతారు. కరపత్రం తెలుగులోనూ ఒడియాలోనూ వేయాలి కదా. డీటీపీ కొట్లో ఎవరి దగ్గరి నుంచో కాపీ చేసుకున్న ఫాంటుతో అచ్చు వేయిస్తే ఆ తప్పు మీ సరుకుకే అంటుకుంటుంది. నోటో సాన్స్ తెలుగు, నోటో సాన్స్ ఒరియా రెండూ ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి. అమ్మే సరుకు కరపత్రానికి నిశ్చింతగా వాడవచ్చు.

గొంతు సంగతి: "మోటారు ఆగింది, కరెంటు లేదు" అన్న మాటలు రెండు భాషల్లోనూ మా పక్కింటి టీచరమ్మ చెప్పారు. ప్రదర్శకులకు కాపీరైటు చట్టంలో విడిగా హక్కు ఉంది, అది 50 ఏళ్లు నిలుస్తుంది. రికార్డు చేసిన రోజే ఆమె దగ్గర ఒక పేజీ సమ్మతి పత్రం తీసుకున్నాను. "దీనికి కూడా సంతకమా నాయనా" అని ఆమె నవ్వారు.

2. చేసినవాళ్ల దగ్గర కాగితం తీసుకోండి

ఇక్కడ నేనే దెబ్బ తిన్నాను. మొదటి ఫర్మ్‌వేర్‌ను విశాఖలో ఉన్న ఒక కుర్రాడు రాశాడు. డబ్బు ఫోనులో పంపాను, అతడు కోడు మెయిల్‌లో పంపాడు. ఇద్దరం సంతోషించాం. రెండేళ్లకు మార్పులు కావలసి వచ్చినప్పుడు తెలిసింది, ఆ కోడు నాది కాదని. నా చేతిలో ఉన్నది చెల్లింపు రసీదు ఒక్కటే.

కాపీరైటు చట్టం 1957 ప్రకారం జీతం ఇచ్చి పెట్టుకున్న ఉద్యోగి పనిలో భాగంగా రాసిన కోడుకు, వేరే ఒప్పందం లేకపోతే, యజమానే మొదటి హక్కుదారు. బయటివాడికి డబ్బిచ్చి రాయించుకున్న కోడుకు మాత్రం రాసినవాడే హక్కుదారు. అది మీకు రావాలంటే రాతపూర్వక బదిలీ, సంతకం ఉండాలి. పీసీబీ వేసినవారికీ, డబ్బా గీసినవారికీ ఇదే కాగితం రాయించండి.

బదిలీ పత్రం రాసేటప్పుడు 19వ సెక్షన్‌లో మూడు గోతులున్నాయి:

- కాలం రాయకపోతే బదిలీ ఐదేళ్లకే చెల్లుతుంది.
- ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితం.
- హక్కు పొందినవాడు ఏడాదిలోగా దాన్ని వాడకపోతే, వేరుగా రాసుకుని ఉంటే తప్ప, బదిలీ రద్దయినట్టే.

కాబట్టి ఇలాంటి వాక్యం ఒకటి తప్పనిసరిగా ఉండాలి: "ఈ పనిలోని కాపీరైటును దాని పూర్తి కాలానికి, ప్రపంచంలోని అన్ని దేశాలకు వర్తించేలా బదిలీ చేస్తున్నాను. పొందినవారు ఎంతకాలం ఉపయోగించకపోయినా ఈ బదిలీ రద్దు కాదు." దీనితోపాటు, తాను బయటి నుంచి తెచ్చి వాడిన లైబ్రరీల జాబితా జతపరచాలని కూడా రాయించండి. ఆ జాబితా లేకపోతే తరువాతి మెట్టు ఎక్కలేరు.

పీసీబీ వేయించినవారు గెర్బర్ ఫైళ్లతో సరిపెట్టబోతే ఒప్పుకోవద్దు. గెర్బర్‌తో బోర్డు అచ్చు వేయించగలరు గాని, సులువుగా దిద్దలేరు. అసలు ప్రాజెక్టు ఫైలు అడగండి.

3. తెచ్చుకున్న కోడు షరతులు చదవండి

ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. ప్రాజెక్టు ఫోల్డరులో ఒక్కో లైబ్రరీ తెరిచి లైసెన్సు ఫైలు (రాసినవారు పెట్టిన వాడకం షరతులు) చూడండి, తరువాత సోర్సు (మనిషి చదవగలిగే కోడు) ఫైళ్ల పైవరుసలు కూడా చూడండి. రెండూ ఒక్కోసారి వేరుగా ఉంటాయి. లైబ్రరీ మరో లైబ్రరీని లాక్కొస్తే దాన్నీ రాసుకోండి.

లైసెన్సు ఫైలే లేదా? అయితే అనుమతి లేదు. అందరికీ కనబడేలా పెట్టడం వేరు, వాడుకోమని ఇవ్వడం వేరు. దారి పక్క తోటకు కంచె లేకపోయినా మామిడికాయలు కోసుకోలేం కదా. రాసినవారికి ఒక మెయిల్ పంపండి. చాలామంది లైసెన్సు జోడిస్తారు. జవాబు రాకపోతే వదిలేయండి.

తరచూ ఎదురయ్యే లైసెన్సులను, చాలావరకు నా పట్టికలోని వాటితోనే చెబుతాను:

ఎంఐటీ, బీఎస్‌డీ. ఫ్రీఆర్‌టాస్, ఆర్డ్యినోజేసన్ లైబ్రరీలు ఎంఐటీ కింద ఉన్నాయి. అమ్ముకోండి, మీ కోడు దాచుకోండి. కాపీరైటు వరుస, లైసెన్సు పాఠం మాత్రం పెట్టెతోపాటు వెళ్లాలి. అంత చిన్న షరతునే ఎక్కువమంది ఎగ్గొడతారు.

అపాచీ 2.0. ఈఎస్‌పీ 32 చిప్పుకు తయారీదారు ఇచ్చే కోడు కట్ట ఈఎస్‌పీ-ఐడీఎఫ్ దీని కింద ఉంది. పై షరతులతో పాటు నోటీస్ ఫైలు ఉంటే అదీ జతచేయాలి, మార్చిన ఫైళ్లలో మార్చామని చెప్పాలి. పేటెంటు అనుమతి కూడా ఇందులో ఉంటుంది. మీ కోడును మీరు ఈ లైసెన్సుతో విడుదల చేస్తే, దానికి సంబంధించిన మీ పేటెంటునూ వాడుకోనిచ్చినట్టే.

ఎల్‌జీపీఎల్. ఆర్డ్యినో బోర్డుల కోర్ లైబ్రరీలు, మోడెంతో మాట్లాడే టైనీజీఎస్ఎం ఈ కుటుంబానివి. మీ సొంత కోడు బయటపెట్టనక్కరలేదు. కానీ మైక్రోకంట్రోలరులో అంతా కలిసి ఒకే బైనరీ (చిప్పులోకి ఎక్కించే ఫైలు) అవుతుంది కనుక, కొన్నవాడు లైబ్రరీని మార్చుకుని మళ్లీ లింకు చేసుకోగలిగేలా మీ ఆబ్జెక్టు ఫైళ్లు (కంపైల్ అయి, ఇంకా ఒకటిగా కలవని ముక్కలు) ఇవ్వాలి. ఆర్డ్యినో వారు కూడా ఇదే చెబుతారు. ప్రతి వెర్షనుకూ ఆబ్జెక్టు ఫైళ్లను ఒక జిప్‌గా కట్టి దాచే అలవాటు చేసుకోండి. ఆరు నెలల తరువాత ఎవరైనా అడిగితే వెతకలేరు.

జీపీఎల్. ఈ లైసెన్సున్న లైబ్రరీ ఒక్కటి మీ బైనరీలో కలిస్తే ఫర్మ్‌వేర్ మొత్తం జీపీఎల్ కిందికి వస్తుంది. అమ్మవచ్చు, లాభం తీయవచ్చు. కానీ కొన్నవాడికి సోర్సు ఇవ్వాలి. వెర్షను 2 ప్రకారం సోర్సు పెట్టెతోపాటు ఇవ్వకపోతే, కనీసం మూడేళ్లు చెల్లే రాతపూర్వక హామీ ఇవ్వాలి.

లినక్స్ పెట్టెలు. చిన్న కంప్యూటరు బోర్డు మీద నడిచే సరుకైతే లినక్స్ కెర్నల్ (దాని గుండె), బిజీబాక్స్ (చిన్న ఆదేశాల కట్ట) రెండూ జీపీఎల్ 2. "సోర్సు కెర్నల్ వెబ్‌సైటులో ఉంది" అంటే కుదరదు. మీరు ఆ పెట్టెలో పంపిన వెర్షను, మీ మార్పులు, కంపైల్ చేసే స్క్రిప్టులతో సహా ఇవ్వాలి.

చిప్పు కంపెనీల నమూనా కోడు. ఉచితంగా దొరుకుతుంది గనుక ఓపెన్ సోర్స్ (ఎవరైనా చూసి, మార్చి, అమ్ముకునేలా తెరిచి ఇచ్చినది) అనుకోవద్దు. నార్డిక్ సెమీకండక్టర్ ఇచ్చే ఐదు షరతుల లైసెన్సు, ఆ కోడును వారి చిప్పుల మీదే వాడమంటుంది. చిప్పు దొరకక రేపు మరో కంపెనీదానికి మారితే, బోర్డుతోపాటు కోడునూ మార్చవలసిందే.

ప్రశ్నోత్తరాల సైట్ల నుంచి తీసిన ముక్కలు. స్టాక్ ఓవర్‌ఫ్లోలో రాసినవి క్రియేటివ్ కామన్స్ బీవై-ఎస్ఏ కింద ఉంటాయి. పేరు చెప్పాలి, మార్చినది అదే షరతుతో పంచాలి. పెద్ద ముక్కైతే ఆలోచన అర్థం చేసుకుని సొంతంగా రాసుకోవడమే సుఖం.

ఇక ఒక హెచ్చరిక. ఫర్మ్‌వేర్‌ను ఎవరూ మార్చకుండా సెక్యూర్ బూట్ ఫ్యూజు (మీరు ఆమోదించిన ఫర్మ్‌వేర్‌నే చిప్పు నడిపేలా చేసే శాశ్వత తాళం) కాల్చేయాలని చాలామందికి తొందర. జీపీఎల్, ఎల్‌జీపీఎల్ వెర్షను 3 ఉన్న గృహ వినియోగ వస్తువులో, మార్చిన సాఫ్ట్‌వేర్‌ను ఎక్కించుకునే మార్గమూ మీరే ఇవ్వాలి. పొలం మోటారు స్టార్టరు గృహ వస్తువా? సందేహం ఉంటే అవుననే లెక్కించాలని ఆ లైసెన్సే అంటోంది. కాల్చిన ఫ్యూజు వెనక్కి రాదు. ముందు పట్టిక, తరువాత ఫ్యూజు.

4. దాఖలు ముందు, ప్రదర్శన తరువాత

వీడియో పెట్టాక, ఫైళ్లు నెట్‌లో పెట్టాక, సంతలో అమ్మాక పేటెంటుకూ డిజైను నమోదుకూ కొత్తదనం పోతుంది. నదీతీరంలో పదిమంది ముందు పరీక్షించడం తప్పనిసరైతే పేటెంట్ల చట్టం 32వ సెక్షన్ ఏడాది వెసులుబాటు ఇస్తుంది. అయినా దాన్ని నమ్ముకుని ఊరంతా తిప్పవద్దు.

పేటెంటు సంగతి నిక్కచ్చిగా చెబుతాను. తెలిసిన మోడెం, తెలిసిన రిలే, తెలిసిన సెన్సరు, దేని పని అది చేస్తూ ఒక డబ్బాలో ఉంటే అదే చట్టం 3(ఎఫ్) సెక్షన్ అడ్డుపడుతుంది. ఉత్త కంప్యూటరు ప్రోగ్రాముకు 3(కె) అడ్డం. బావి ఎండితే మోటారు ఆపడం ఎప్పటి నుంచో ఉన్నదే. మన ప్రాంతంలో నాకు చూపించిన పది పెట్టెల్లో తొమ్మిదింటికి పేటెంటు ఆలోచన దండగ. పదోదానికి మాత్రం, ఇన్‌పాస్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో పాతవి వెతికి, తాత్కాలిక వివరణతో దరఖాస్తు చేయండి. పూర్తి వివరణకు 12 నెలల గడువు ఉంటుంది. వ్యక్తులకూ చిన్న సంస్థలకూ ఆన్‌లైన్ దాఖలు రుసుము 1,600 రూపాయలు, కార్యాలయం దరఖాస్తును పరిశీలించేందుకు 4,000. చిన్న సంస్థగా రుసుము తగ్గింపుకు ఉద్యం (చిన్న పరిశ్రమల ప్రభుత్వ నమోదు) పత్రం పనికొస్తుంది.

డబ్బా ఆకారం కొత్తదైతే డిజైను నమోదు చేయించండి. 1,000 రూపాయల పని, 10 ఏళ్ల రక్షణ, ఆపైన మరో ఐదేళ్లు పొడిగింపు. నమోదుకు అర్హత ఉండీ చేయించని డిజైనును 50 కంటే ఎక్కువసార్లు యంత్రాల మీద తీస్తే దానిమీద కాపీరైటు కూడా పోతుంది. కాపీరైటు చట్టం 15వ సెక్షన్ ఇది.

సెమీకండక్టర్ లేఅవుట్ చట్టం 2000 మీ పీసీబీని కాపాడుతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. అది చిప్పు లోపలి అమరికకు సంబంధించినది.

దాచవలసినది కూడా ఒకటి ఉంటుంది. నాకు అది వోల్టేజీ తక్కువున్న సాయంత్రాల్లో ఏ మోటారు ఎంత కరెంటు లాగితే ఆపాలన్న అంకెల పట్టిక. రెండు వేసవులు గట్టు మీద కూర్చుని రాసుకున్నది. వ్యాపార రహస్యాలకు మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు, ఒప్పందమే ఆధారం. అందుకే ఆ ఫైలు చూసే ప్రతివారితోనూ గోప్యత పత్రం మీద సంతకం చేయించాను.

సరిహద్దులో ఉన్నవాళ్లకు ఒక మాట. దరఖాస్తు మీ వ్యాపార చిరునామాను బట్టి వెళ్తుంది, కొనేవాడి ఊరిని బట్టి కాదు. ఒడిశాలో ఉన్న మనకు కోల్‌కతా పేటెంటు కార్యాలయం, సిరోంచవారికి ముంబయి. నది దాటితే తెలంగాణ, అక్కడివారికి చెన్నై.

5. బోర్డును ఓపెన్ హార్డ్‌వేర్‌గా ఇవ్వాలనుకుంటే

సాఫ్ట్‌వేర్ లైసెన్సును బోర్డుకు అతికించవద్దు. ఐరోపా అణు పరిశోధన సంస్థ సెర్న్ రాసి, 2020లో తెచ్చిన ఓపెన్ హార్డ్‌వేర్ లైసెన్సు రెండో వెర్షనులో మూడు రకాలున్నాయి. మార్చినవాడు తన మార్పులనూ పంచాలంటే ఎస్. మీ భాగం వరకే పంచితే చాలనుకుంటే డబ్ల్యూ. ఏమీ అడగనక్కరలేదంటే పి. మూడింటిలోనూ పేటెంటు అనుమతి ఉంది.

"వ్యాపారానికి వాడకూడదు" అన్న షరతు పెట్టి ఓపెన్ సోర్స్ అని రాయకండి. ఆ షరతు ఉంటే అది ఓపెన్ సోర్స్ కాదు. ఇదే షరతు మీకూ ఎదురవుతుంది: త్రీడీ ఫైళ్ల సైట్లలో దొరికే డబ్బాలు చాలావరకు వ్యాపారేతర వాడకానికే ఇచ్చినవి. ముద్రించి అమ్మితే తప్పు.

పంచే ఫోల్డరులో సర్క్యూటు, లేఅవుట్ అసలు ఫైళ్లు, విడిభాగాల జాబితా, లైసెన్సు ఉండాలి. సర్క్యూట్లు గీసే సాఫ్ట్‌వేర్ కైక్యాడ్ లైబ్రరీలు వాడితే దిగులు లేదు. వాటితో చేసిన డిజైనుకు షరతు అంటకుండా మినహాయింపు ఇచ్చారు. ఓపెన్ సోర్స్ హార్డ్‌వేర్ అసోసియేషన్ ధ్రువీకరణ ఉచితం, ఐఎన్ అక్షరాలతో మొదలయ్యే సంఖ్య ఇస్తారు.

6. పేరును వేరుగా కాపాడుకోండి

డిజైను తెరిచినా పేరు తెరవనక్కరలేదు. ఆర్డ్యినో బోర్డును ఎవరైనా చేసుకోవచ్చు, దాని మీద ఆర్డ్యినో అని అచ్చు వేయకూడదు. మీరూ అంతే చేయండి.

కంట్రోలరు వంటివి ట్రేడ్‌మార్కు 9వ తరగతిలోకి వస్తాయి, పంపు కూడా అమ్మితే 7. వ్యక్తులకూ చిన్న సంస్థలకూ ఆన్‌లైన్ రుసుము తరగతికి 4,500 రూపాయలు. నమోదు 10 ఏళ్లు, ఆపైన తిరిగి పొడిగించుకుంటూ పోవచ్చు. "పంపు స్టార్టరు" లాంటి వర్ణన పేర్లకు అభ్యంతరం వస్తుంది. తెలుగు, ఒడియా లిపిలో మార్కు ఇస్తే ఇంగ్లిషు ఉచ్చారణ, అర్థం జతచేయాలి. ముందుగా రెండు భాషల మిత్రులతోనూ పేరు పైకి చదివించండి. నా మొదటి పేరు తెలుగులో ముద్దుగా ఉండేది. ఒడియా డీలరు చదివి నవ్వు ఆపుకోలేకపోయాడు.

7. పెట్టెలో పెట్టే కాగితం

స్క్రీను లేని పెట్టెకు లైసెన్సులు కరపత్రం మీదనో, క్యూఆర్ కోడు ద్వారానో ఇవ్వాలి. నేను ముఖ్యమైనవి అచ్చు వేసి, మిగిలినవి క్యూఆర్‌లో పెడతాను. గట్టు మీద సిగ్నలు ఉండదు కదా. జీపీఎల్ పాఠాన్ని తెలుగులో అనువదించి అదొక్కటే ఇవ్వకండి, చట్టబద్ధమైనది ఇంగ్లిషు పాఠమే. తెలుగులో పక్కన రెండు వాక్యాల వివరణ రాయండి.

పంపే ముందు టిక్కు పెట్టుకోండి:

- ప్రతి లైబ్రరీ పేరు, వెర్షను, కాపీరైటు వరుస
- లైసెన్సు పాఠాలు, ఉంటే నోటీస్ ఫైలు
- జీపీఎల్ ఉంటే సోర్సు లేదా మూడేళ్ల హామీ, పనిచేసే చిరునామాతో
- ఎల్‌జీపీఎల్ ఉంటే ఆబ్జెక్టు ఫైళ్ల జిప్, లింకు చేసే సూచనలు
- అదే వెర్షను సోర్సు మొత్తం రెండు చోట్ల భద్రం
- బదిలీ, సమ్మతి, గోప్యత పత్రాలు ఒకే ఫైలులో

8. తప్పు బయటపడితే

అమ్మిన తరువాత జీపీఎల్ ముక్క కనబడిందా? ముందు కొత్త పెట్టెలు పంపడం ఆపండి. తరువాత మూడు దారులు: సోర్సు విడుదల చేయడం, ఆ లైబ్రరీ తీసేసి వేరేది పెట్టడం, రాసినవారి దగ్గర వేరే లైసెన్సు కొనడం. రెండో దారి పట్టినా ఇప్పటికే అమ్మినవాటి బాధ్యత మిగిలే ఉంటుంది. వెర్షను 3లో, మొదటిసారి నోటీసు అందిన 30 రోజుల్లో సరిదిద్దితే హక్కు నిలుస్తుంది. వెర్షను 2లో ఆ ఊరట లేదు, ఉల్లంఘించగానే అనుమతి రద్దవుతుంది. ఎవరైనా మర్యాదగా మెయిల్ రాస్తే ఆ రోజే జవాబు ఇవ్వండి. చాలావరకు వాళ్లు అడిగేది డబ్బు కాదు, సోర్సు.

కోడు రాసినవారి దగ్గర కాగితం తీసుకోలేదా? ఇప్పుడైనా తీసుకోండి. విశాఖ కుర్రాడు మంచివాడు కనుక సంతకం పెట్టాడు. కొంచెం అదనంగా ఇచ్చాను.

9. మీ పెట్టెకు నకలు కనబడితే

కాశీనగరం డీలరు ఒకరోజు ఒక పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టారు. పేరు వేరు, రంగు వేరు. మూత తీశాను. నా మొదటి బోర్డులో ఒక డయోడు గుర్తు తిరగేసి అచ్చు పడింది, దాన్ని చేత్తో సరిచేసి అతికించేవాళ్లం. ఈ బోర్డులోనూ ఆ గుర్తు అలాగే తిరగబడి ఉంది.

ఇలాంటప్పుడు చేయవలసిన వరుస: పెట్టెను బిల్లుతో కొనండి. విప్పకముందు, విప్పాక తేదీతో ఫొటోలు తీయండి. మీ పాత ఫైళ్లను, పంపిన తేదీలను పక్కన పెట్టండి. అవతలివాడికి ఫోను చేసి తిట్టకండి. ఆ తరువాతే వకీలు దగ్గరికి వెళ్లండి. కోడుకు కాపీరైటు నమోదు తప్పనిసరి కాదు గాని, రుజువుకు పనికొస్తుంది. సోర్సులో మొదటి 10, చివరి 10 పేజీలు ఏ వరుసా కొట్టేయకుండా ఇవ్వాలి కనుక రహస్య పట్టికను వేరే ఫైలులో ఉంచండి.

వకీలు డయోడు గుర్తు చూసి తల ఊపారు. బోర్డు 50 దాటి ఎన్నో చేశారు, డిజైను నమోదు లేదు, దీన్నే పట్టుకుని నిలబడలేం అన్నారు. పెట్టెకు కరెంటు ఇచ్చి సిమ్ వేసి, నా నంబరు నమోదు చేసి, మెయిన్ ఆపాను. ఫోను మోగింది. స్పీకరులో టీచరమ్మ గొంతు: "మోటారు ఆగింది, కరెంటు లేదు", ఆ వెనకే ఆ రోజు రికార్డింగులో తీసేయడం మరచిపోయిన ఆమె చిన్న దగ్గు. వకీలు చేయి చాచి ఆమె సమ్మతి పత్రం అడిగారు. నోటీసులో మొదటి పేరా దాని గురించే రాశారు.